చందా పాఠకురాలిది, కథ రచయిత్రిది

పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరుతూ సిద్దిపేట జిల్లా నుంచి ఒక పాఠకురాలు పంపిన సుదీర్ఘమైన ఉత్తరానికి ఈసారి సమాధానం రాస్తున్నాను. ఆమెకు 41 ఏళ్లు. ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతారు. భర్త బోరు మోటార్ల వైండింగ్ దుకాణం నడుపుతారు, కూతురు ఇంటర్మీడియట్ చదువుతోంది. ఆమె కొన్నేళ్లుగా కథలు రాస్తున్నారు. మొదటి కథ ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో అచ్చయినప్పుడు భర్త పది ప్రతులు కొని, దుకాణానికి వచ్చిన రైతులందరికీ చూపించారట. ఆ ఉత్సాహంతో ఆమె ఒక సాహిత్య మాసపత్రికకు చందా కట్టారు. ఆ పత్రిక ఏటా ఉగాదికి కథల పోటీ నిర్వహిస్తుంది. చందాదారులు మాత్రమే పాల్గొనాలన్నది నిబంధన. వరుసగా మూడు పోటీలకు పంపినా బహుమతి రాలేదు. రెండో ఏడు పంపిన కథను "సాధారణ ప్రచురణకు స్వీకరించాం" అని కబురు వచ్చింది గానీ, ఏడాది దాటినా అది అచ్చు కాలేదు. ఫోను చేస్తే "వరుసలో ఉంది" అంటున్నారు. ఈలోగా ఒక సాహిత్య సభలో ఆ కథ సంగతి విన్న వెబ్ పత్రిక సంపాదకుడొకరు దానిని తమకు పంపమని అడిగారు.

చందా గడువు ఉగాదికి ముందే ముగుస్తోంది. పత్రిక కార్యాలయం నుంచి ఫోను చేసిన వ్యక్తి, 600 రూపాయల ఏడాది చందాకు బదులు 6,000 రూపాయల జీవిత చందా కడితే "మీ రచనల మీద ప్రత్యేక శ్రద్ధ ఉంటుంది" అన్నారు. మరోవైపు ఒక వాట్సాప్ బృందం ఆమె రాసిన వేరొక కథకు "విశేష బహుమతి" ప్రకటించి, సంకలనంలో వేయడానికీ ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఖర్చులకూ 1,200 రూపాయలు పంపమంది. పోయిన ఏడాది చందాను ఆమె ట్యూషన్ డబ్బులోంచి ఇంట్లో చెప్పకుండా కట్టారు. అది తెలిశాక భర్త, "రాసేటప్పుడు బాగానే ఉంటావు, ఫలితాలు వచ్చిన రోజు నుంచి పది రోజులు ఇంట్లో మాటే ఉండదు, డబ్బు కట్టి మరీ ఈ బాధ ఎందుకు కొనుక్కోవాలి" అని అడిగారట. పోటీ కోసమని, తమ ఊరి మాటలో రాసుకున్న కథను పుస్తకాల భాషలోకి మార్చి పంపిన సంగతి కూడా ఆమె రాశారు. చివరికి మూడు ప్రశ్నలు అడిగారు. జీవిత చందా కట్టాలా, అసలు చందాయే మానుకోవాలా? ఆగిపోయిన కథను వెనక్కి తీసుకోవచ్చా? "మూడుసార్లు ఓడిపోయిన నేను రచయిత్రినేనా, కాదా?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చందా, పోటీ, ప్రచురణ అనే మూడూ మీ మనసులో ఒకే లావాదేవీగా ముడిపడి ఉన్నాయి. చందా కట్టాను కనుక పోటీలో చోటు దొరికింది, పోటీలో గెలవలేదు కనుక చందా వృథా అయింది, కథ అచ్చు కాలేదు కనుక నేను రచయిత్రిని కానేమో, అన్న వరుసలో మీ ఆలోచన సాగింది. ఈ మూడింటినీ విడివిడిగా చూస్తే మీరు తీసుకోవలసిన నిర్ణయాలు చాలా చిన్నవి.

ముందుగా చందా. చందాదారులకే పోటీ అన్న నిబంధన చూసి చాలామంది దానిని వసూళ్ల ఎత్తుగడ అనుకుంటారు. ఆ అనుమానంతో నేను పూర్తిగా ఏకీభవించను. చిన్న సాహిత్య పత్రికలకు ప్రకటనలు రావు, బడ్డీ కొట్లలో అమ్మకాలు లేవు. కాగితం, అచ్చు, తపాలా ఖర్చులన్నీ చందాల మీద, కొందరు దాతల మీద నడుస్తాయి. బహుమతి సొమ్ము కూడా తరచుగా ఎవరో ఒక కుటుంబం తల్లిదండ్రుల పేర స్మారకంగా ఇచ్చేదే. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1924లో మొదలుపెట్టిన "భారతి" మాసపత్రికకు వెనుక ఆయన అమృతాంజనం వ్యాపారం అండ ఉండేది. అంతటి పత్రికా 1991లో ఆగిపోయింది. 2020లో కరోనా వచ్చాక ఎన్ని వారపత్రికలు, మాసపత్రికలు అచ్చు నిలిపివేశాయో మీకు తెలుసు. ఈ స్థితిలో ఒక పత్రిక తన పోటీని తన పాఠకులకే పరిమితం చేసుకుంటే అందులో అన్యాయమేమీ లేదు. పత్రికను ఎన్నడూ తెరవకుండా పది చోట్లకు ఒకే కథ పంపే వారికంటే, ఏడాది పొడవునా చదివేవారి కథలే కావాలనుకోవడం సంపాదకుడి హక్కు.

అయితే "ప్రత్యేక శ్రద్ధ" అన్న మాట వేరు. అది చందాకు చదువుకాక మరేదో ప్రతిఫలం ఉంటుందని ఆశ చూపడం. దీనికి రెండు అర్థాలే సాధ్యం. చందాలు సేకరించే ఉద్యోగి తన లక్ష్యం కోసం నోటికి వచ్చిన మాట అని ఉండవచ్చు. అప్పుడు ఆ వాగ్దానానికి సంపాదకుడికి ఏ సంబంధమూ ఉండదు, మీ 6,000 రూపాయలకు ఆ శ్రద్ధ దొరకదు. లేదా అది నిజమే కావచ్చు. అప్పుడు ఆ పత్రికలో మీ కథ అచ్చయినా, అది కథను చూసి వేశారా, రసీదు చూసి వేశారా అన్న సందేహం మిమ్మల్ని వదలదు. ఏ విధంగా చూసినా ఆ మాట కోసం కట్టే డబ్బు మీకు మేలు చేయదు.

జీవిత చందా గురించి మరొక సంగతి కూడా చెప్పాలి. ఆ పేరులోని జీవితం చందాదారుది అనుకుంటాం గానీ, ఆచరణలో అది పత్రిక జీవితమే. పత్రిక ఆగిపోతే మిగిలిన సొమ్ము తిరిగి వచ్చిన సందర్భాలు అరుదు. మీ లెక్క ప్రకారం 6,000 అంటే పదేళ్ల చందా. ఆ పత్రిక మీద అభిమానంతో, అది బతకాలన్న కోరికతో విరాళంగా భావించి ఇవ్వగలిగిన వారు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. కూతురి చదువు ముందున్న మీ ఇంటికి అది ఈ ఏడాది తగిన ఖర్చు కాదని నా అభిప్రాయం.

ఏడాది చందా కట్టాలా అన్న ప్రశ్నకు జవాబు మీ అలమారలోనే ఉంది. గడచిన పన్నెండు సంచికలు ముందు పెట్టుకోండి. వాటిలో పోటీ ప్రకటన, ఫలితాల పేజీ కాక మీరు ఏమేం చదివారు? రెండోసారి చదవాలనిపించిన కథ, తరగతిలో పిల్లలకు చెప్పాలనిపించిన వ్యాసం ఎన్ని ఉన్నాయి? నాలుగైదు కనిపించినా 600 రూపాయలు సార్థకమే. పోటీ ఫలితంతో దానికి పని లేదు. సంచిక రాగానే ఫలితాల పేజీ చూసి పక్కన పడేసిన నెలలే ఎక్కువైతే, ఆ పత్రిక మీకు నచ్చే పత్రిక కాదు. మీకు నచ్చనిచోట మీ కథ వారికి నచ్చే అవకాశమూ తక్కువే. అప్పుడు నిశ్చింతగా మానుకోవచ్చు. దానివల్ల కలిగే నష్టం ఒక పోటీలో పాల్గొనలేకపోవడం, అంతే.

ఇక పోటీ సంగతి. ఫలితాల్లో ఏటా అవే పేర్లు కనిపిస్తున్నాయని, లోపల ఏదో జరుగుతోందని మీరు అనుమానించారు. జరగదని నేను హామీ ఇవ్వలేను. కానీ అనుమానాన్ని మనసులో పెంచుకోవడం కంటే పరిశీలించడం మేలు. నిబంధనలు మళ్లీ చదవండి. కథ ప్రతి మీద పేరు, చిరునామా ఉండరాదని, హామీపత్రం విడిగా జత చేయాలని ఉందా? న్యాయనిర్ణేతల పేర్లు ఫలితాలతో పాటు ప్రకటిస్తున్నారా? వారు పత్రిక సిబ్బందేనా, బయటివారా? పేరు లేని ప్రతులను అంకెలు వేసి బయటి న్యాయనిర్ణేతలకు పంపే పోటీలో పక్షపాతానికి చోటు తక్కువ. అలాంటి పోటీలోనూ అవే పేర్లు రావడానికి మామూలు కారణం ఉంది: పోటీకి ఏ నిడివి, ఏ ఇతివృత్తం, ఏ ముగింపు నప్పుతుందో తెలిసి, ఏటా శ్రద్ధగా రాసి పంపేవారు మన దగ్గర కొందరు ఉన్నారు. వారిది ఒక నైపుణ్యం. దానిని తక్కువ చేయనక్కరలేదు.

పోటీలో కథ ఎలా చదవబడుతుందో కూడా మీకు తెలియాలి. వచ్చిన కథలన్నింటినీ న్యాయనిర్ణేతలు చదవరు. పత్రికలో ఎవరో ఒకరు తొలి వడపోత చేస్తారు. నిబంధనకు మించిన నిడివి, మొదటి పేజీలోనే తడబడిన కథనం, తెలిసిన ఇతివృత్తం అక్కడే ఆగిపోతాయి. మిగిలిన ఇరవై ముప్ఫై కథలు ఇద్దరో ముగ్గురో చదివి మార్కులు వేస్తారు. ఒకరికి ఎంతో నచ్చి మరొకరికి ఏమాత్రం నచ్చని కథ ఈ లెక్కలో వెనకబడుతుంది. అందరికీ కొంత కొంత నచ్చినది ముందుకు వస్తుంది. పాఠకులు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకునే కథలు చాలాసార్లు మొదటి రకానివే. న్యాయనిర్ణేతగా కూర్చున్న చోట నాకు అన్నిటికంటే నచ్చిన కథ జాబితాలో నాలుగో స్థానానికి జారడం చూశాను. అందులో ఎవరి కుట్రా లేదు, సగటు తీసే పద్ధతి అలాంటిది. కనుక పోటీ ఫలితం చెప్పేది చాలా కొద్ది: ఆ ఏడాది, ఆ ముగ్గురు, ఆ కథల మధ్య ఏది ఎంచుకున్నారన్నంతే. మీరు రచయిత్రి అవునో కాదో తేల్చమని దానిని అడగడం వల్లనే ఆ పది రోజుల మౌనం వస్తోంది.

భాష మార్చి పంపిన సంగతి నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది. మీ ఉత్తరంలో ఆ కథలోని అవ్వ మాటలు రెండు వాక్యాలు మీరు ఉదాహరించారు, వాటి పక్కనే పోటీకి మార్చిన రూపమూ ఇచ్చారు. బర్రెను అంగడికి తోలుకపోయేటప్పుడు ఆమె దానితో మాట్లాడే మాట మీ ఊరి నుడిలో ఉన్నప్పుడు ఆ మనిషి నా ఎదుట నిలబడింది. మార్చిన వాక్యంలో సమాచారం మాత్రమే మిగిలింది. తెలంగాణ మాట, రాయలసీమ మాట, ఉత్తరాంధ్ర మాట ఇవాళ కథలో సంభాషణకే కాదు, మొత్తం కథనానికే వాడుతున్నారు, పత్రికలు వేస్తున్నాయి, పాఠకులు చదువుతున్నారు. ఏదో ఒక పత్రికకు ఆ భాష పడదనిపిస్తే, ఆ పత్రికకు వేరే కథ పంపండి. ఈ కథను మాత్రం మొదటి రూపంలోనే ఉంచండి. ఇది సలహాగా కాక విన్నపంగా తీసుకోండి.

ఆగిపోయిన కథ ఇదే అని అర్థమైంది కనుక, దానిని వెనక్కి తీసుకోవడం గురించి వివరంగా చెబుతాను. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మీ కథకు మొదటి హక్కుదారు మీరే. ఆ హక్కు పత్రికకు చెందాలంటే మీ సంతకంతో రాతపూర్వకమైన బదిలీ ఉండాలి. కాలపరిమితి రాయకపోతే ఆ బదిలీ అయిదేళ్ల వరకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమని చట్టం చెబుతుంది. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వినియోగించుకోకపోతే, ఒప్పందంలో మరోలా రాసుకుంటే తప్ప, అది చెల్లకుండా పోతుంది. మీరు పంపిన హామీపత్రం నకలు ఉంటే తీసి చూడండి. కథ స్వంతమని, అనువాదం కాదని, ఎక్కడా అచ్చు కాలేదని, వేరొకచోట పరిశీలనలో లేదని మాత్రమే అందులో ఉంటే, అది మీరిచ్చిన మాట. హక్కుల బదిలీ కాదు. పోటీ నిబంధనల్లో "సర్వహక్కులు పత్రికవే" అన్న వాక్యం ఉండి, దానికి ఒప్పుకుంటూ మీరు సంతకం చేసి ఉంటే మాత్రం, ఆ కాగితం ఒక న్యాయవాదికి చూపించాకే ముందుకు వెళ్లండి.

బదిలీ లేదనుకుంటే మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది, ఓపిక పట్టడం. చిన్న పత్రికలో నెలకు మూడు నాలుగు కథలకే చోటు. ఏడాది దాటడం బాధాకరమే అయినా అసాధారణం కాదు. ఈ దారిలో సంపాదకుడితో సంబంధం చెడదు, కానీ వెబ్ పత్రిక ఆహ్వానం చల్లారిపోవచ్చు. రెండోది, గడువు పెట్టి ఉపసంహరించుకోవడం. ఎవరినీ నిందించకుండా ఒక ఉత్తరం రాయండి: ఫలానా కథ ఫలానా నెలలో స్వీకరించినందుకు కృతజ్ఞతలు, 30 రోజుల్లోగా ఏ సంచికలో వస్తుందో తెలియజేయగలరు, లేనిపక్షంలో కథను ఉపసంహరించుకున్నట్టు భావించగలరు. మెయిల్‌లో పంపి, అదే ప్రతిని స్పీడ్ పోస్టులోనూ పంపి రసీదు దాచుకోండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులోనే కలిపేశారు కనుక ఇప్పుడు అదే దారి. సంపాదకుడు కొంత నొచ్చుకోవచ్చు. మన సాహిత్య ప్రపంచం చిన్నది, ఆ నొప్పి కొన్నాళ్లు ఉంటుంది. అయినా నాకు ఈ రెండో దారే సరైనదనిపిస్తోంది, ఎందుకంటే పత్రికకు మరో అవకాశం ఇచ్చాకే మీరు కదులుతున్నారు.

ఒక్కటి మాత్రం చేయకండి. గడువు ముగియకముందే వెబ్ పత్రికకు పంపితే, రెండుచోట్లా ఒకే నెలలో అచ్చయ్యే ప్రమాదం ఉంది. అలా జరిగినప్పుడు ఆలస్యం చేసింది పత్రిక అని ఎవరూ గుర్తుపెట్టుకోరు, మాట తప్పింది మీరని అంటారు. ఆ ఆహ్వానించిన సంపాదకుడికి ఉన్నది ఉన్నట్టు చెప్పి నెల రోజులు ఆగమనండి. ఆయన తప్పక అర్థం చేసుకుంటారు. ఈలోగా కథను ఫేస్‌బుక్‌లోనో, ప్రతిలిపి యాప్‌లోనో పెట్టకండి. చాలా పత్రికలు దానిని కూడా ప్రచురణగానే లెక్కిస్తాయి. వెబ్ పత్రికలో వస్తే అచ్చులో వచ్చినంత గౌరవం ఉండదేమో అని మీరు ఒకచోట సందేహించారు. "ఈమాట" 1998 నుంచి నడుస్తోంది; ఇవాళ మంచి తెలుగు కథల్లో చాలా భాగం మొదట వెలుగు చూస్తున్నది ఇలాంటి చోట్లే. ఆ భయం వదిలేయండి.

వాట్సాప్ బృందం "బహుమతి" గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బహుమతి పొందినవారు డబ్బు చెల్లించరు. మన దేశంలో ఐఎస్‌బీఎన్‌ను ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది, కనుక దాని పేర డబ్బు అడిగారంటేనే మిగిలిన లెక్కలు ఎలా ఉంటాయో ఊహించవచ్చు. మీ పేరున్న పుస్తకం ఇంట్లో ఉండాలన్న కోరికతో, కొనుగోలు అని తెలిసి 1,200 పెడితే అది మీ ఇష్టం. ఆ కథ కూడా అప్పటి నుంచి "అచ్చయిన కథ" అవుతుందని, వేరే పోటీకి, పత్రికకు పనికిరాదని గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీ భర్త. ఆయనను సాహిత్యం తెలియని మనిషిగా మీరు చిత్రించారు గానీ, మీ ఉత్తరంలోనే ఆ పది ప్రతుల సంగతి ఉంది. ఆయన అభ్యంతరం 600 రూపాయల మీద కాదని నాకు అనిపిస్తోంది. ఆ పది రోజుల మీద, చెప్పకుండా కట్టడం మీద. చెప్పకుండా కట్టిన చందా ఆయన దృష్టిలో మీ రచనను ఒక దాచవలసిన విషయంగా మార్చింది. ఏడాదికి రచన కోసం ఎంత ఖర్చు పెట్టుకోవచ్చో ఇద్దరూ కూర్చుని అనుకోండి. చందా, తపాలా, పుస్తకాలు అన్నీ కలిపి 1,500 అయినా సరే, 2,000 అయినా సరే. ఆ మొత్తం లోపల మీరు ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదని కూడా అప్పుడే అనుకోండి. ఫలితాలు వచ్చే నెల కష్టంగా ఉంటుందని ఆయనకు ముందే చెబితే ఆ మౌనం ఆయనకు కోపంలా కనిపించదు. ఆయన ఒప్పుకోకపోతే ఏం చేయాలని అడుగుతారేమో. ట్యూషన్ డబ్బు మీ సంపాదన; చెప్పి ఖర్చు పెట్టే హక్కు మీకుంది. దాచి పెట్టినప్పుడే ఆ హక్కు బలహీనపడుతుంది.

మీ మూడో ప్రశ్నకు నేను అవునని రాస్తే మీకు ఒక పూట సంతోషం కలుగుతుంది, అంతకు మించి పనికిరాదు. దానికి బదులు, మీ కథను మొహమాటం లేకుండా చదివే ఇద్దరిని వెతుక్కోండి. సవరణలు సూచిస్తూ రచయితతో రెండు మూడు విడతలు ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే వెబ్ పత్రికల సంపాదకులు ఉన్నారు. పోటీ నుంచి ఎన్నటికీ దొరకనిది అక్కడ దొరుకుతుంది, మీ కథ ఎక్కడ బాగుందో, ఎక్కడ జారిందో తెలుస్తుంది. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం వెబ్‌సైటులో వేలాది పాత కథలు చదవడానికి దొరుకుతాయి. పోటీల్లో నెగ్గినవీ, నెగ్గనివీ పక్కపక్కన పెట్టి చదవండి. 1990 నుంచి కథాసాహితి వారు ఏడాదిలో అచ్చయిన కథల నుంచి ఎంపిక చేసి తెస్తున్న వార్షిక సంకలనాలూ చూడండి. వాటికి ఎవరూ పోటీకి పంపినట్టు పంపనక్కరలేదు; ఎక్కడో ఒకచోట అచ్చయి, చదివినవారి కంట పడితే చాలు.

ఈ ఏడాది పోటీకి పంపాలా అంటే, సంచికలు తిరగేశాక చందా కొనసాగించాలని మీరనుకుంటే పంపండి. ఏడాది చందా మాత్రమే కట్టండి, రసీదు తీసుకోండి. అవ్వ కథను పక్కన ఉంచి, మీరు ఉత్తరం చివర ప్రస్తావించిన ఆ బడి వంటమనిషి కథను మీ ఊరి మాటలోనే పూర్తి చేసి పంపండి. పంపిన మరునాడే ఇంకొకటి మొదలుపెట్టండి. ఫలితాలు వచ్చే నాటికి అది సగమైనా అయి ఉంటే, ఆ సంచిక వచ్చిన రోజు మీకు చేయడానికి పని ఉంటుంది.